శవం తీసిన చేతికి బీడీ ఇచ్చి పంపితే సరిపోతుందా?

నవంబరు 19వ తేదీ తెలుగువారికి రెండుసార్లు కన్నీరు పెట్టించిన తేదీ. 1977లో ఆనాడు ఉప్పెన వచ్చి కృష్ణాజిల్లా దివిసీమను ఊడ్చుకుపోయింది. పదివేలమందికి పైగా చనిపోయారు. సరిగ్గా 44 ఏళ్ల తరువాత, 2021లో అదే తేదీన, కార్తీక పౌర్ణమి నాటి తెల్లవారుజామున, మన కడప జిల్లాలో చెయ్యేటిపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. రాజంపేట ప్రాంతపు పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు గ్రామాలమీద నీరు విరుచుకుపడింది. ముప్పైమందికి పైగా జలసమాధి అయ్యారు. ఇళ్లు పోయాయి, గొడ్డూ గోదా పోయింది, పంటపొలాలు ఇసుకమేటలయ్యాయి.

ఈ రెండు ఘోరాల్లోనూ చనిపోయినవారి లెక్క తీశారు. ఇల్లు పోయినవారి లెక్క, పశువుల లెక్క, ఎకరాల లెక్క కూడా తీశారు. నష్టపరిహారం చాలిందా లేదా అన్న తగవు ఇంకా వుంది. అది వేరే సంగతి. అయితే బురదలోనుంచి, ఇసుకలోనుంచి, తుమ్మచెట్ల కొమ్మల్లోనుంచి ఆ శవాలను ఎవరు తీశారు? తీసినవారు ఆ తరువాత ఎట్లా వున్నారు? ఈ లెక్క మాత్రం ఎవరూ అడిగినట్లు లేదు.

వంతెన కాడి మనిషి

ప్రొద్దుటూరులో పెన్నా వంతెనకు పోయే దారిలో ఒక టీ అంగడి దగ్గర ఒక మనిషి పరిచయమయ్యాడు. ఊరూ పేరూ ఇక్కడ అవసరం లేదు. ఏట్లో ఎవరైనా మునిగితే, బావిలో ఎవరైనా పడితే పోలీసులైనా, చనిపోయినవారి బంధువులైనా ముందు ఆయన కోసమే మనిషిని పంపుతారు. ఈత ఆయనకు తండ్రినుంచి వచ్చిన విద్య. ప్రభుత్వోద్యోగి కాదు. ఏ రికార్డులోనూ ఆయన పేరు లేదు. కూర్చున్న అరగంటలో ఐదు బీడీలు కాల్చాడు. ఎందుకింత అని అడిగితే చెప్పాడు:

"మొదట్లో వాసన కోసం తాగినా సార్. మూడు దినాలు నీళ్లలో నానిన మనిషిని తీసినాంక ఆ వాసన ముక్కులోంచి పోదు. సబ్బు పెట్టి కడిగినా పోదు. అన్నం ముందర కూర్చుంటే వస్తాది. బీడీ ముట్టిస్తే కాసేపు పోతాది. ఇప్పుడు వాసన లేకపోయినా తాగుతాండా. రాత్రిపూట నిద్ర రాదు సార్. కండ్లు మూస్తే ఆ పసిబిడ్డ చెయ్యి కనపడతాది. లేసి బయట కూర్చోని తాగుతా."

ఆయన భార్య మాట కూడా తరువాత తెలిసింది. పూర్వం దినానికి నాలుగైదు బీడీలు తాగేవాడట. ఇప్పుడు రెండు కట్టలు చాలడం లేదట. ఇంట్లో పలకడం తగ్గిపోయింది. గిన్నె కింద పడినా ఉలిక్కిపడతాడు. చిన్న బిడ్డ ఏడిస్తే వీధిలోకి పోతాడు. "పొగాకు మానమని పోరి పోరి అలిసిపోయినా" అంది ఆమె.

ఆమె మందలింపులో తప్పు లేదు. బీడీ చెడ్డదే. కానీ ఆ మనిషికి బీడీ ఒక్కటే జబ్బు కాదు. లోపల ఒక గాయముంది. దాన్ని ఎవరూ చూడలేదు. దానిమీద పొగ కప్పుకుంటున్నాడు. ఈ రెండింటినీ వేరుచేసి చూసినంతకాలం ఆయన నిద్రా బాగుపడదు, ఆయన ఊపిరితిత్తులూ బాగుపడవు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

దడుపు మగవాడికి రాదా?

ఘోరం చూచినవాడికి మనసు చెదురుతుందని మన పెద్దలకు తెలియక కాదు. పిల్లవాడు నిద్రలో కేకలు పెడితే దడుచుకున్నాడంటాం. దిష్టి తీస్తాం, అంత్రం కట్టిస్తాం. బాలింత దడుచుకుంటే ఒంటరిగా వదలం. కానీ పదిమంది శవాలను మోసిన మగవాడు దడుచుకుంటాడని మాత్రం ఒప్పుకోం. "వాడికి అలవాటే" అంటాం. ఆ ఒక్క మాటతో మన బాధ్యత తీరిపోతుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగుల మోతకు చెదిరిపోయిన సిపాయిలను చూచి వైద్యులు దీన్ని షెల్ షాక్ అన్నారు. 1980లో అమెరికా మానసిక వైద్యులు తమ జబ్బుల పట్టికలో దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ అనే పేరుతో చేర్చారు. పేరు ఏదైనా లక్షణాలు పల్లెటూరివారికి కూడా అర్థమయ్యేవే. చూచిన ఘోరం పిలవకుండానే కళ్లముందుకు రావడం, పీడకలలు, ఆ చోటికి, ఆ దారికి పోకుండా తప్పించుకోవడం, మనుషులమీద మమకారం చచ్చిపోయినట్లుండడం, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడడం, ఉత్తపుణ్యానికి కోపం, నిద్ర పట్టకపోవడం. ఇవి ఒక వారం రెండువారాలుండడం సహజం. చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గక, పనికీ సంసారానికీ అడ్డుపడితే మాత్రం అది జబ్బే. జ్వరం ఎట్లా జబ్బో ఇదీ అట్లాగే జబ్బు. పిరికితనం ఎంతమాత్రం కాదు.

దెబ్బతిన్నవారికే కాదు, ఆదుకోను పోయినవారికి కూడా ఇది వస్తుంది. అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, హోంగార్డులు, 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సుల సిబ్బంది, శవపరీక్ష గదిలో పనిచేసేవారు, పారిశుద్ధ్య కార్మికులు, ఈతగాళ్లు, ఊరి కుర్రవాళ్లు, వీరందరూ ఈ కోవలోకి వస్తారు.

పొగ చేసే మోసం

ఇక బీడీ సంగతి. పొగ పీల్చిన కొద్ది సెకండ్లలోనే అందులోని నికోటిన్ మెదడుకు చేరుతుంది. మనసు కుదుటపడినట్లు, చూపు నిలబడినట్లు అనిపిస్తుంది. ఆ అనిపించడం అబద్ధం కాదు. అందుకే తాగేవాడు మానడు. అయితే సుమారు రెండు గంటలు గడిచేసరికి ఒంట్లో ఆ నికోటిన్ సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు, మనసులో దడ, నిద్రలేమి మొదలవుతాయి. ఆ బాధను ఇంకో బీడీ తీరుస్తుంది. అంటే ముందటి బీడీ పెట్టిన బాధను వెనకటి బీడీ తీరుస్తోంది. అసలు గాయం మాత్రం ఎక్కడిదక్కడే వుంది.

మామూలుగా పొగతాగే మనిషికే ఇది మోసం. ఘోరం చూచి వచ్చినవాడికి ఇంకా పెద్ద మోసం. ఎందుకంటే ఆయనకు ముందే దడ వుంది, ముందే నిద్ర లేదు. పొగాకు లేక వచ్చే దడ ఏదో, శవాలను తలచుకుంటే వచ్చే దడ ఏదో ఆయనకు తేడా తెలియదు. రెండింటికీ ఒకటే మందనుకుంటాడు. కట్టలు పెరుగుతాయి. బీడీ ఆకు కదా, సిగరెట్టంత చెడ్డది కాదని కొందరనుకుంటారు. అది పొరపాటు. ఆరిపోకుండా వుండడానికి బీడీని మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. అందువల్ల లోపలికి పోయే విషం తక్కువేమీ కాదు. క్యాన్సరు, గుండెజబ్బు, ఉబ్బసం, క్షయ, అన్నిటికీ అది దారే.

ఇది ఒక్క మన దేశపు బాధ కాదు. 2000 మే 13న హాలెండులోని ఎన్‌స్కెడే పట్టణంలో బాణసంచా గిడ్డంగి పేలి 23 మంది చనిపోయారు. వారిలో నలుగురు మంటలార్పను పోయినవారే. అక్కడ సహాయానికి పోయిన అంబులెన్సు సిబ్బందిని పరిశోధకులు కొన్నేళ్లపాటు గమనించారు. పొగతాగేవారిలో తరువాతి కాలంలో ఈ మనోవ్యధ లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలినప్పుడు 343 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు అర్పించారు. ఆ తరువాత వారాల్లో ఆ నగరవాసులను విచారిస్తే, నూటికి దాదాపు పదిమంది అంతకుముందుకంటె ఎక్కువ సిగరెట్లు కాలుస్తున్నామని చెప్పారు. చదువుకున్న దేశం, డాక్టర్లకు కొదవలేని నగరం. అక్కడే అట్లా వుంటే మన ఊళ్ల సంగతి వేరే చెప్పాలా?

మన ఊళ్లకు కొత్త కాదు

చెయ్యేరు రాజంపేట వైపుది, మనకెందుకని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలవారు అనుకోరాదు. ఆ నవంబరులోనే పాపాఘ్ని పొంగి కమలాపురం దగ్గర పెద్ద వంతెన కూలింది. అదే ఏడు మే 8న కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర రాతిగనిలో జిలెటిన్ కడ్డీలు దించుతుండగా పేలి పదిమంది కూలీలు ముక్కలుముక్కలయ్యారు. ఆ ముక్కలను ఏరి గోనెపట్టాల్లో చేర్చినవారు కూడా మనుషులే. కోవిడ్ కాలంలో, 2020, 2021 సంవత్సరాల్లో, కన్నకొడుకులే దగ్గరికి రావడానికి జంకిన శవాలను కుల మత భేదం చూడకుండా పూడ్చిన, కాల్చిన కుర్రవాళ్లు మన పట్టణాల్లో వున్నారు. ఆనాడు దండలు వేశాం, ఫోటోలు తీశాం. ఈనాడు వారు రాత్రిపూట ఎట్లా పడుకుంటున్నారో ఎవరమైనా అడిగామా?

ఇంకా వెనక్కు పోతే, 1902 సెప్టెంబరులో ముద్దనూరు దగ్గరి మంగపట్నం వద్ద వాననీటికి వంతెన కూలి మెయిలు రైలు పడిపోయి పదుల సంఖ్యలో ప్రయాణికులు చనిపోయారు. ఆనాడు మొదట పరుగెత్తింది చుట్టుపక్కల పల్లెల జనమే అయివుండాలి. ఏ ఘోరంలోనైనా అంతే. 2006లో ఏర్పడిన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళంవారు పడవలతో రావడానికి కొన్ని గంటలు పడుతుంది. అంతవరకు నీళ్లలోకి దిగేది ఊరివాడే.

పెద్ద ప్రమాదాలే అక్కరలేదు. గండికోట లోయలో, మైలవరం జలాశయంలో, పార్నపల్లె దగ్గర చిత్రావతి జలాశయంలో, పులివెందుల వైపు చీనీతోటల బావుల్లో అప్పుడొకరు ఇప్పుడొకరు పడుతూనే వున్నారు. కరువుకాలంలో అప్పులపాలై ఉరిపోసుకున్న రైతును చెట్టుమీదనుంచి దించేది కూడా ఊళ్లో ఆ నలుగురే. ఒకే మనిషి ఇరవై ముప్పై ఏళ్లపాటు ఈ పని చేస్తాడు. పట్నపు ఉద్యోగికి ఒక్కసారి తగిలే దెబ్బ ఇతనికి ఏటేటా తగులుతూ వుంటుంది.

సారా చుక్క, బీడీ కట్ట

ఇక్కడ మన తప్పు ఒకటుంది. దాన్ని దాచుకోరాదు. శవం తీయడానికి మనిషిని పిలిచినప్పుడు మనం ఏం చేస్తాం? ముందు ఒక సారా సీసా, ఒక బీడీ కట్ట చేతికిస్తాం. "తాగి దిగు, ఏమీ తెలియదు" అంటాం. పని అయిపోయినాక ఇంకో సీసా ఇచ్చి ఇంటికి పంపుతాం. కొన్నిచోట్ల కూలి కింద లెక్కవేసేది కూడా అదే. ఇందులో దయ వున్నట్లు కనిపిస్తుంది. ఆలోచిస్తే, ఆ మనిషి బాధ మన చెవిన పడకుండా నోరు మూయించడమే అది. ఆ పని చేసేవారు చాలాచోట్ల బీదకులాలవారు. వారిని ఎదురు కూర్చోబెట్టుకుని "ఏమప్పా, ఎట్లున్నావ్?" అని అడిగే అలవాటు మనకు లేకపోవడం కూడా దీనికి ఒక కారణం.

తరువాత ఆ మనిషే సంతబజారులో తాగి పడిపోయి వుంటే "తాగుబోతు వెధవ" అని పక్కకు తప్పుకుపోతాం. తాగుడు నేర్పింది ఎవరు?

ఏం చేయాలి?

విమర్శించి ఊరుకోవడం సులభం. చేయదగిన పనులు కూడా చెప్పవలసి వుంది. వీటిలో కోట్ల ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు.

మొదటిది, పేర్లు రాయడం. ఏ ప్రమాదంలోనైనా నష్టం లెక్క రాసే రోజునే, శవాలు తీసినవారి పేర్లు, గాయపడినవారిని మోసినవారి పేర్లు తహశీల్దారు కార్యాలయంలో ఒక పుస్తకంలో రాయాలి. ఉద్యోగులనే కాదు, ఈతగాళ్లనూ, పారిశుద్ధ్య కార్మికులనూ, వచ్చి చేయివేసిన కుర్రవాళ్లనూ రాయాలి. పేరే లేని మనిషి బాగోగులు ఎవరు చూస్తారు?

రెండవది, వంతులు వేయడం. ఒకే మనిషిని మూడు రోజులు వరుసగా అదే పనికి దించరాదు. చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ, స్నానానికి వేడినీళ్లు, వేడి అన్నం, డబ్బు రూపంలో కూలి ఇవ్వాలి. సారా, బీడీ ఇచ్చే ఆచారం మానాలి. చంటిబిడ్డలున్న తండ్రిని చంటిబిడ్డల శవాలు తీయను పంపకుండా వుండే వీలుంటే చూడాలి.

మూడవది, తిరిగి పోయి అడగడం. నెలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఏడాది తిరిగి ఆ తేదీ వచ్చినప్పుడు ఒకసారి ఆరోగ్య కార్యకర్త ఆ ఇళ్లకు పోవాలి. పెద్ద పరీక్షలు అక్కరలేదు. "నిద్ర పడుతోందా? బీడీలు పెరిగినాయా?" అన్న రెండు ప్రశ్నలు చాలు. అంతకుముందు ఐదు తాగే మనిషి ఇప్పుడు ముప్పై తాగుతున్నాడంటే లోపల ఏదో వుందని గ్రహించాలి. అయితే ఒక హెచ్చరిక. జరిగినదంతా చెప్పమని ఎవరినీ బలవంతం చేయరాదు. వెంటనే కూర్చోబెట్టి అంతా కక్కించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. పక్కన కూర్చుని, చెప్పినంత వినడమే మంచి పద్ధతి.

నాలుగవది, రెండు జబ్బులకూ ఒకేచోట వైద్యం చేయడం. "ముందు మనసు బాగుపడనీ, తరువాత పొగ మానేద్దువు" అని కొందరు డాక్టర్లు కూడా అంటారు. పొగ మాన్పిస్తే మనోవ్యధ ముదురుతుందని వారి భయం. ఆ భయం అక్కరలేదని తేలింది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఈ మనోవ్యధతోపాటు పొగ అలవాటున్న 943 మందిమీద జరిపిన పరిశీలన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. మనసుకు వైద్యం చేసే మనిషే పొగ కూడా మాన్పించిన గుంపులో ఏడాదిపాటు పొగ మానినవారు నూటికి 8.9 మంది. పొగ మాన్పించడానికి వేరే క్లినిక్కుకు పంపిన గుంపులో 4.5 మంది మాత్రమే. మానడంవల్ల వారి మనోవ్యధ పెరగలేదు. రెట్టింపు ఫలితమే అయినా నూటికి తొమ్మిదిమందే మానారంటే ఇది ఎంత గట్టి పట్టో తెలుస్తుంది. ఒక్క ప్రయత్నంలో మానలేని మనిషిని తిట్టరాదని కూడా తెలుస్తుంది.

ఐదవది, ఈ మాట ఉద్యోగానికి చేటు కారాదు. పోలీసైనా, అగ్నిమాపక ఉద్యోగైనా "నాకు నిద్ర పట్టడం లేదు" అని పై అధికారికి చెబితే, పనికిరానివాడని ముద్ర వేయరాదు. ఆ భయంతోనే చాలామంది దాచుకుంటున్నారు.

చేతిలో వున్నవి

ఈలోగా ఎవరి ఇంట్లోనైనా ఇట్లాంటి మనిషి వుంటే వారు చేయగలిగింది వుంది. మనసు బాగులేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వంవారు 2022 అక్టోబరులో 14416 అనే ఫోను నంబరు ఏర్పాటు చేశారు. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. పొగాకు మానదలచినవారికి 1800112356 నంబరు వుంది. కడప రిమ్స్‌లో మానసిక వైద్యం దొరుకుతుంది. అక్కడికి పోతే పిచ్చివాడంటారని సిగ్గుపడేవారున్నారు. కాలు విరిగితే కట్టు కట్టించుకోవడానికి సిగ్గుపడతామా?

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఆయన బయట కూర్చుని బీడీ తాగుతున్నప్పుడు పోయి పోట్లాడవద్దు. పక్కన కూర్చోండి. "నిద్ర పట్టలేదా?" అని అడగండి. మానమనే మాట రేపు చెప్పవచ్చు.

పెన్నా వంతెన కాడి ఆ మనిషిని లేవబోతూ ఒక ప్రశ్న అడిగాను. ఇన్నేళ్లలో ఎవరైనా నిన్ను ఎట్లున్నావని అడిగారా అని. కాసేపు ఆలోచించాడు. "శవం దొరికిందా అని అడిగినారు సార్. ఎవురూ నన్ను అడగలా" అన్నాడు. చేతిలో బీడీ ఆరిపోయి వుంది. దాన్ని మళ్లీ ముట్టించలేదు, ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ ఇంకో పావుగంట మాట్లాడాడు.

వచ్చే వానలకు మళ్లీ ఏరు వస్తుంది. ఏదో ఒక ఊరినుంచి ఆయనకు మళ్లీ కబురు వస్తుంది, ఆయన పోతాడు. పోయి వచ్చిన తరువాత ఆయన్ను ఎవరు పలకరిస్తారన్నది జిల్లా అధికారులు, పంచాయతీ పెద్దలు, ఊరి ప్రజలు ఇప్పుడే తేల్చుకోవలసిన విషయం.